ఒక్కటే బాబూ, ఒక్కటే

ఇప్పుడు నా మంచినీళ్ళ గ్లాసు మీద ఒక గుండ్రటి అట్టముక్క ఉంటోంది. జర్మనీలో ఒక చిన్న ఊళ్ళో, తమ బీరు తామే కాచుకుని అమ్ముకునే పాత పబ్బు ఒకటుంది. దాని బొమ్మ ఆ అట్ట మీద ఉంది. అంచులు చివికిపోయాయి, మధ్యలో మజ్జిగ మరకలు. బీరు అట్ట మీద మజ్జిగ మరకలేమిటి అంటే, అది మా బావది. బావ పోయి నెల దాటింది. పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన సామాన్లు సర్దుతూ మా అక్క, "ఇది నువ్వే ఉంచుకోరా, నాకు కనిపిస్తే ఏడుపొస్తంది" అని నా చేతిలో పెట్టింది.

ఆయన పేరు రాయను. రాసినా చోడవరంలో చాలామందికి తెలియదు. ఎరువుల కొట్టు బోర్డు మీద ఉండేది గానీ ఆ బోర్డు ఎవరు చదివారు గనక! ఊరందరికీ ఆయన వడ్డన బాబు. పెళ్ళి ఉందంటే కొట్టుకి తాళం వేసి మరీ వెళ్ళేవాడు, తినడానికి కాదు, వడ్డించడానికి. పిలిచినవాళ్ళు చుట్టాలా కాదా అన్నది ఆయనకి అనవసరం. గోవాడలో గృహప్రవేశమైనా, బుచ్చయ్యపేటలో బారసాలైనా, చొక్కా చేతులు పైకి మడిచి, నడుముకి తువ్వాలు బిగించి, బూర్ల గిన్నె చంకన పెట్టుకుని పంక్తి మొదట్లో తయారు. "ఒక్కటే బాబూ, ఒక్కటే" అనేవాడు. రెండు పడేవి. బొటనవేలితో బూరె నెత్తిన చిల్లు పొడిచి అందులో నెయ్యి నింపితే గాని ముందుకి కదిలేవాడు కాదు.

వద్దు అన్న మాట మీద ఆయనకో శాస్త్రం ఉండేది. "నోటితో అన్న వద్దు వద్దు కాదోయ్ మేస్టారూ. అది మొహమాటం. సెయ్యి అడ్డం పెట్టేడనుకో, వేళ్ళ మధ్యన సందుందా లేదా సూడాలి. సందుంటే వేసీమని అర్థం. లేచి నిలబడి విస్తరి మడిచీసేడా, అప్పుడు ఆలోచించాలి." నేను హైస్కూల్లో లెక్కల మేస్టర్ని కాబట్టి నన్ను మేస్టారూ అని పిలిచేవాడు, అదీ వెటకారంగా. చక్కెర జబ్బు ఉందని మొత్తుకున్న ఒక ఇంజినీరుగారి విస్తరిలో నెయ్యి వెయ్యబోతే, ఆయన విస్తరి పక్కకి లాక్కున్నాడు. ధార పోయి పోయి ఆయన తెల్ల చొక్కా మీద పడింది. బావకి అయ్యో అనిపించలేదు. "విస్తరి కదిపితే ఆ నెయ్యి ఎక్కడికి పోద్ది మరి?" అని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

బఫే భోజనాలంటే ఒంటికి కారం రాసుకున్నట్టు ఉండేది ఆయనకి. పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడినవాళ్ళని చూసి, "పాపం, వీళ్ళకి ఎవలూ లేరేట్రా?" అనేవాడు, వాళ్ళకి వినబడేలాగే. నేను తల దించుకునేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆయనతో ఎక్కడికి వెళ్ళినా నాకు తల దించుకోవడమే పని. అయినా సాయంత్రం అయ్యేసరికి కాళ్ళు ఆయన కొట్టు ముందు బల్ల దగ్గరికే తీసుకుపోయేవి.

అలాంటి మనిషి సొంత కూతురి పెళ్ళికి ఒక్క మెతుకు వడ్డించలేకపోయాడు. మా మేనకోడలు జర్మనీలో ఉద్యోగం చేస్తూ అక్కడి కుర్రాణ్ణే ఇష్టపడింది. ఆ కుర్రాడి తండ్రిదే ఈ పబ్బు. పెళ్ళి కరోనా రోజుల్లో, అక్కడి ఆఫీసులో సంతకాలతో అయిపోయింది. మేము ఇక్కడ ఫోన్లో చూశాం. తెల్లోణ్ణి చేసుకుందట అని వీధిలో గుసగుసలాడుకున్నారు గానీ బావకి ఆ దిగులు ఏ కోశానా లేదు. ఆయన దిగులు వేరు. "మొగపెళ్ళివోరికి ఒక్క ముద్ద పెట్టకుండా పిల్లనిచ్చీసేనురా. ఆ వియ్యంకుడు నన్నేటనుకుంటన్నాడో! అసలు వియ్యంకుడినని అనుకుంటన్నాడో లేదో!" కొట్టులో యూరియా బస్తాల మధ్య కూచుని ఇదే మాట, ఎరువులకి వచ్చిన రైతులకి కూడా.

విమానాలు మళ్ళీ తిరగడం మొదలవగానే బయల్దేరాం. అక్కకి విమానం ఎక్కితే కాళ్ళు వాస్తాయి, అంచేత ఇంగ్లీషుకి తోడుగా నన్ను లాక్కెళ్ళాడు. ఆయన పెట్టెలో బట్టలు అడుగునెక్కడో ఉన్నాయి. పైనంతా శనగపప్పు, బియ్యప్పిండి, ఇనప మూకుడు, బెల్లం దిమ్మ. విమానాశ్రయంలో స్కానింగ్ దగ్గర ఆపి ఆ దిమ్మ ఏమిటని అడిగారు. బావ ఓ ముక్క విరిచి ఆ అధికారి చేతిలో పెట్టి, "తినండి బాబూ, మనదే" అన్నాడు. ఆయన వద్దన్నాడు. ఆ తర్వాత అక్కడేం జరిగిందో చెప్పనక్కర్లేదు కదా. నేను తల దించుకున్నాను.

ఆ ఊరు చోడవరంలో సగం ఉండదు. మధ్యలో చర్చి, దాని ఎదురుగా కర్ర దూలాల ఇల్లు, కింద పబ్బు, పైన కాపురం. తలుపు తియ్యగానే బావ టక్కున ఆగి గాలి పీల్చాడు. "ఇదేట్రా, బెల్లం వండుతన్న వాసనొస్తంది!" నిజంగానే వస్తోంది. గాజు గోడ వెనక పెద్ద రాగి గుండిగల్లో మొలకెత్తించిన బార్లీ నీళ్ళు ఉడుకుతున్నాయి. బావ ముఖం వెలిగిపోయింది. దేశం కాని దేశంలో దిగినవాడికి చెరుకు గానుగ దగ్గరికొచ్చినట్టు అయింది పాపం.

లోపల బల్లల వెనకనుంచి వియ్యంకుడు వచ్చాడు. మనిషి తలుపంత, నడుముకి నీలం గుడ్డ, ముంజేతుల మీద ఎర్రటి వెంట్రుకలు, నోట్లోంచి మాట వస్తే రాలిపోతుందేమో అన్నట్టు ఉంటాడు. కూర్చోమని కుర్చీ చూపించాడు. బావ కూర్చోలేదు. ఆడపిల్ల తండ్రి వియ్యంకుడి ముందు ముందుగా ఎలా కూర్చుంటాడు? వియ్యంకుడూ కూర్చోడు, పబ్బు నడుస్తున్నంతసేపూ ఆయన కూర్చోవడం ఎవరూ చూడలేదట. ఇద్దరూ ఎదురెదురుగా, నిట్రాళ్ళలా నిలబడ్డారు.

"నాన్నా, కూకో. అందరూ చూస్తన్నారు" అంది మా మేనకోడలు.

"ఆయన్ని కూకోమను ముందు."

"ఆయన డ్యూటీలో ఉన్నారు నాన్నా!"

"మరి నేనూ డ్యూటీలోనే ఉన్నాను కదే గుంటా."

చివరికి నేను భుజాలు పట్టి కుదేశాను. బావకి మందు అలవాటు లేదని కూతురు ముందే చెప్పి ఉంచింది. ఆ బార్లీతోనే చేసే, మత్తు లేని నల్లటి మాల్టు పానీయం ఒకటి ఉంటుంది, అది బీరు పోసే సన్నటి గ్లాసులోనే పోసి తెచ్చి, కింద ఒక గుండ్రటి అట్ట వేసి పెట్టాడు వియ్యంకుడు. నేనేం తాగానో రాయను, ఇది మా ఇంటావిడ చదువుతుంది. బావ ఒక గుక్క తాగి, "పానకంరా!" అన్నాడు. గ్లాసు ఖాళీ చేసి కింద పెట్టాడో లేదో, వియ్యంకుడు అడక్కుండా ఇంకోటి పెట్టాడు. బావ మర్యాదగా "వద్దండీ, వద్దండీ" అంటూ చెయ్యి ఊపాడు. ఆయన పట్టించుకోకుండా పెట్టేసి వెళ్ళాడు. అదీ అయింది. మళ్ళీ "వద్దండీ", మళ్ళీ గ్లాసు.

బావ నా మోచెయ్యి పట్టుకుని ఊపేశాడు. కళ్ళలో నీళ్ళు. "సూసేవేట్రా! వద్దంటే పోస్తన్నాడు! మొహమాటమని కనిపెట్టీసేడు! నన్ను వియ్యంకుణ్ణనుకుంటన్నాడురా!" వియ్యంకుడు పోస్తుంటే కాదనకూడదని కడుపు ఉబ్బిపోతున్నా తాగుతూనే ఉన్నాడు. ఆ రాత్రి ఆయనకి నిద్ర లేదు, సంతోషానికి కొంత, పానకానికి కొంత.

మర్నాడంతా పై వంటగదిలో తండ్రీకూతుళ్ళు బూర్లు వండారు. సాయంత్రం బావ నడుముకి తువ్వాలు చుట్టుకుని గిన్నెతో కిందికి దిగాడు. ఆ పబ్బులో ఒక మూల బల్ల ఉంది, తరతరాలుగా వచ్చే ఊరి పెద్దలకి తప్ప అక్కడ ఇంకెవరికీ చోటు లేదు. వాళ్ళంతా గిన్నె వైపు చూస్తున్నారు. బావ వాళ్ళని దాటి సరాసరి వియ్యంకుడి దగ్గరికి వెళ్ళాడు. తొలి వడ్డన మొగపెళ్ళివారికే కదా. పళ్ళెంలో ఒక బూరె వేసి, చిల్లు పొడిచి, నెయ్యి పోశాడు. వియ్యంకుడు తిని, బాగుందన్నట్టు తలూపాడు. బావ మళ్ళీ గిన్నెలో చెయ్యి పెట్టాడు. ఆయన చాలని వాళ్ళ భాషలో చెప్పి పళ్ళెం మీద అరచెయ్యి పెట్టాడు.

"ఒక్కటే బాబూ, ఒక్కటే" అంటూ బావ ఆ చెయ్యి పక్కకి తోసి రెండు వేశాడు.

వియ్యంకుడి ముఖం గట్టిపడింది. ఫోర్కుతో ఆ రెండు బూర్లూ ఒకటొకటిగా ఎత్తి, తిరిగి గిన్నెలో పెట్టేశాడు. ఆయన లెక్కలో అది తప్పు కాదు. తను తినని తిండి పారెయ్యకుండా తిరిగిచ్చాడు, అంతే. మా లెక్కలో గిన్నె గిన్నంతా ఎంగిలి అయిపోయింది. ఇంక ఆ బూర్లు ఆ మూల బల్లవాళ్ళకే కాదు, ఎవరికీ వడ్డించడానికి పనికిరావు. బావ గిన్నెలోకి ఒకసారి చూశాడు. నేను ఆయన్ని నలభై పంక్తుల్లో చూసి ఉంటాను, నిండు గిన్నెతో పంక్తి వదిలిపోవడం మాత్రం అప్పుడే చూశాను. మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

నేనూ మా మేనకోడలూ వెనకే వెళ్ళాం. ఆ పిల్లకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చేస్తున్నాయి. "ఇక్కడ వద్దంటే వద్దనే నాన్నా! ఆయన మాటకి విలువివ్వలేదనుకుంటారు. నేను ఈ ఇంట్లో ఉండాలి కదా!"

"మరి నిన్న నేను వద్దంటే ఆయన పోస్తానే ఉన్నాడు కదే?" అన్నాడు బావ, నిజంగా అర్థం కాక.

అప్పుడు ఆ పిల్ల చెప్పింది. ఈ ఊళ్ళో గ్లాసు ఖాళీ అయితే అడక్కుండా ఇంకోటి పెట్టడం ఆనవాయితీ. చాలనుకున్నవాళ్ళు గ్లాసు కింది అట్ట తీసి మూతలాగా మీద పెడతారు. అట్ట పెట్టేదాకా పోస్తూనే ఉంటారు, ఎవరికైనా సరే. పెట్టాక ఇంక ఒక్క చుక్క పొయ్యరు.

బావ మంచం మీద కూలబడ్డాడు. "అయితే అది మర్యాద కాదన్నమాట," అన్నాడు. "ఆయన నాకు పొయ్యలేదు. అట్ట లేని గ్లాసుకి పోసేడు." అన్నేళ్ళు ఆయన్ని వెక్కిరించినవాణ్ణి, ఆ క్షణాన కింద ఉన్న ఆ తలుపంత మనిషిని రెండు దులపాలనిపించింది.

మూడోరోజు సాయంత్రం బావ కిందికి రానన్నాడు. రాకపోతే కూతురికి మాటొస్తుందని నేనే బతిమాలి తీసుకొచ్చాను. వియ్యంకుడు ఎదురుగా నిలబడే ఉన్నాడు, బావ మాత్రం తిన్నగా వెళ్ళి కూచున్నాడు. అంటే ఎంత అలిగాడో చూడండి. వచ్చిన గ్లాసు కషాయం తాగినట్టు తాగేసి, అట్ట తీసి మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. అవతల కౌంటరు దగ్గర మా మేనకోడలు మామగారితో ఏదో గబగబా చెబుతోంది. ఆయన వింటూ, గ్లాసు తుడుస్తూ, తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తూ ఉన్నాడు. తర్వాత ఒక్క గ్లాసు పళ్ళెంలో పెట్టుకుని మా బల్ల దగ్గరికి వచ్చాడు.

అట్ట చూసి ఆగాడు. మూల బల్లవాళ్ళు మాటలాపేశారు. ఆ ఇంట్లో గ్లాసు మీద అట్ట ఉంటే రాజుకైనా పొయ్యరట. వియ్యంకుడు వంగి, రెండు వేళ్ళతో ఆ అట్ట ఎత్తి పక్కన పెట్టాడు. ఖాళీ గ్లాసు తీసి నిండు గ్లాసు పెట్టాడు.

బావ బిత్తరపోయాడు. అలవాటు కొద్దీ "వద్దండీ" అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ళ మధ్య సందు ఉంది, నేను చూశాను. ఆ ఎర్ర వెంట్రుకల చెయ్యి బావ చేతిని మెల్లిగా పక్కకి జరిపింది. అంతటితో ఊరుకోలేదు, కుర్చీ లాక్కుని ఎదురుగా కూచున్నాడు. మూల బల్ల దగ్గర ఎవరో ఈల వేశారు. వియ్యంకుడు మేడ వైపు వేలు చూపించి, చేతులతో గిన్నె ఆకారం చేశాడు.

అరవై దాటిన మనిషి ఆ మెట్లు అంత వేగంగా ఎక్కగలడని నేననుకోలేదు. కొత్త గిన్నెలో, మిగిలిన పూర్ణంతో వండిన వేడి బూర్లు వచ్చేసరికి పబ్బులో ఒక్కరూ కదల్లేదు. వియ్యంకుడు తిన్నాడు, చెయ్యి అడ్డం పెట్టాడు, రెండు పడ్డాయి, అవీ తిన్నాడు. తర్వాత లేచి గిన్నెకి అవతలి చెవి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మూల బల్లకి వడ్డించారు. బావ "ఒక్కటే బాబూ" అన్నప్పుడల్లా ఆయనా వెనకనే అనబోయాడు, నోరు తిరగక ఆ బల్లంతా నవ్వింది. బావ నా వైపు తిరిగి, "పెళ్ళైపోయిందిరా మేస్టారూ" అన్నాడు. ముఖం తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు, చెమటని అన్నాడు.

చోడవరం వచ్చాక ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో! యూరియా కోసం వచ్చిన రోలుగుంట రైతు ఇది వినకుండా బస్తా తీసుకెళ్ళలేదు. ఆ అట్ట మాత్రం జేబులో వేసుకొచ్చేశాడు. రోజూ భోజనం చివర మజ్జిగ తాగి గ్లాసు మీద పెట్టుకుని అక్క వైపు ఓరగా చూసేవాడు. అక్క విసుక్కుంటూ అట్ట తీసి ఇంకాస్త మజ్జిగ పోసేది. "సూసేవా, ఇదీ కాపరం అంటే" అనేవాడు నాతో. నాకు ఒళ్ళు మండేది.

ఒక మధ్యాహ్నం అలాగే మజ్జిగ తాగి పడుకున్నవాడు లేవలేదు.

కూతురూ అల్లుడూ వెంటనే వచ్చారు. పెద్దకర్మకి వియ్యంకుడు వచ్చాడు, పబ్బు తలుపులు మూసి మరీ. ఇంటి ముందు వేసిన టెంటు కింద పంక్తి భోజనాలు. బఫే పెడితే బావ లేచి వచ్చి తిడతాడని అక్క పట్టుబట్టింది. వడ్డనకి కేటరింగు వాళ్ళు. వియ్యంకుణ్ణి మొదటి పంక్తిలో కూర్చోమని ఎంత బతిమాలినా కూర్చోలేదు. టెంటు గుంజ పక్కన, నల్ల కోటులో చెమటలు కక్కుతూ నిలబడే ఉన్నాడు.

నేను కూచున్నాను. బూర్ల గిన్నె వచ్చింది. ఒకటి వేశాడు, రెండోది వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాను. "సరే సార్" అని కేటరింగతను పక్క విస్తరికి వెళ్ళిపోయాడు. తప్పేం లేదు, వద్దన్నానుగా. కానీ నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. శ్మశానంలో నేను ఏడవలేదు. అందరి పనులూ చూసుకుంటూ, మేస్టారు గట్టివాడనిపించుకుంటూ తిరిగాను. ఆ ఖాళీగా ఉండిపోయిన చెయ్యి చూసుకుంటే మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. ఇంక ఈ ఊళ్ళో నేను వద్దంటే వద్దనే. బావ లేడు. విస్తరి కనబడక, ముఖం ఎత్తలేక అలాగే కూచున్నాను.

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. రెండు వేళ్ళతో నా చెయ్యి ఎత్తి విస్తరి పక్కన పెట్టారు. ముంజేతి మీద ఎర్రటి వెంట్రుకలు. కోటు విప్పేసి, చొక్కా చేతులు పైకి మడిచి, ఎవరి దగ్గర తీసుకున్నాడో నడుముకి ఒక తువ్వాలు చుట్టుకుని, కేటరింగతని బూర్ల గిన్నె చంకన పెట్టుకున్నాడు.

"ఒక్కటే బాబూ, ఒక్కటే" అన్నాడు, నోరు తిరగని తెలుగులో.

రెండు పడ్డాయి.